సౌఖ్యవలయం, స్వచ్ఛంద శ్రమ, ఆనందం: గిడుగు రామమూర్తి సవర భాషాధ్యయనం ఆధారంగా ఒక నైతిక విచారణ

మనిషి తనకు అలవాటైన పరిధిని దాటి, తన శక్తికి పరీక్ష పెట్టే పనికి పూనుకున్నప్పుడే నిజమైన ఆనందం పొందుతాడన్న అభిప్రాయం ఇటీవలి వ్యక్తిత్వ వికాస గ్రంథాలలోను, ఉపన్యాసాలలోను తరచుగా వినబడుతున్నది. ‘కంఫర్ట్ జోన్’ అని వ్యవహారంలో స్థిరపడిన ఆ పరిధిని ఈ వ్యాసం సౌఖ్యవలయం అని పేర్కొంటుంది. ఆ వలయాన్ని దాటిరమ్మన్న పిలుపు చూడడానికి నిర్దోషంగానే ఉంది. కాని అందులో పరిశీలించవలసిన ప్రశ్నలు మూడున్నాయి. కష్టానికీ ఆనందానికీ ఉన్న సంబంధం కార్యకారణ సంబంధమేనా? ఏ కష్టమైనా ఆనందానికి దారితీస్తుందా? సౌఖ్యమన్నదే ఎరుగని వారికి ఈ ఉపదేశం చేసే నైతికాధికారం ఎవరికైనా ఉందా?

ఈ ప్రశ్నలకు చోడవరం ఒక భౌగోళిక రూపాన్ని ఇస్తుంది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ పట్టణం మైదానానికీ మన్యానికీ నడుమ ఉన్న గడప వంటిది. ఇటువైపు చెరకు తోటలు, బెల్లం వంటలు, గోవాడ సహకార చక్కెర కర్మాగారం. అటువైపు వడ్డాది, మాడుగుల మీదుగా ఘాటీ ఎక్కి పాడేరు చేరే దారి. ఆ దారిలో కొన్ని గంటల ప్రయాణంలోనే భాష మారుతుంది, పంట మారుతుంది, బతుకు లెక్క మారుతుంది. ఈ దారిన ఎక్కేవారూ దిగేవారూ కూడా తమకు అలవాటైన లోకాన్ని దాటుతున్నవారే. అయితే ఇద్దరి ప్రయాణమూ ఒకటి కాదు. ఆ భేదమేమిటో తేల్చుకోవడానికి ఉత్తరాంధ్రలోనే, ఇదే కొండల వరుసకు ఈశాన్యపు కొసన జరిగిన ఒక జీవితకాలపు కృషి ఆధారంగా నిలుస్తుంది. అది గిడుగు వేంకట రామమూర్తి సవర భాషాధ్యయనం.

సుఖం, శ్రేయస్సు, అభ్యాసం

భారతీయ చింతన సుఖాన్ని ఏకరూపమైన అనుభవంగా భావించలేదు. కఠోపనిషత్తులో యముడు నచికేతునికి శ్రేయస్సు, ప్రేయస్సు అనే రెండు దారులను వేరు చేసి చూపుతాడు. అప్పటికప్పుడు ప్రియంగా తోచేది ఒకటి, పరిణామంలో మేలు కలిగించేది మరొకటి. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ఇంకొక అడుగు ముందుకు వేసి సుఖాన్ని మూడు విధాలుగా విభజించింది. మొదట విషంలా తోచి చివరకు అమృతతుల్యమయ్యేది సాత్త్వికం. మొదట అమృతంలా ఉండి చివరకు విషమయ్యేది రాజసం. నిద్ర, సోమరితనం, ప్రమాదం అనే వాటినుంచి పుట్టి మొదటా చివరా కూడా మోహపెట్టేది తామసం. ఈ విభజనకు ముందుమాటగా గీత అభ్యాసాన్ని ప్రస్తావించడం గమనార్హం. మనిషి ఏ సుఖంలో రమిస్తాడో దానికి అభ్యాసమే ద్వారమన్న సూచన అందులో ఉంది. అంటే విషం అమృతంగా మారడం కాలం చేసే ఇంద్రజాలం కాదు. మారేది పని స్వభావం కాదు, పని చేసేవాడి సామర్థ్యం.

సుఖ శబ్దానికే చెప్పే ఒక ప్రసిద్ధ వ్యుత్పత్తి ఇక్కడ ఉపకరిస్తుంది. ‘ఖ’ అంటే రంధ్రం. ఇరుసు సరిగా ఇమిడే రంధ్రం గల చక్రం కలది ‘సుఖ’ రథం. ఈ వ్యుత్పత్తిని అంగీకరిస్తే ఒక ఆసక్తికరమైన విషయం తేలుతుంది. చక్రం బాగున్నదో లేదో నిలిచి ఉన్న రథం తెలుపదు, నడిచే రథమే తెలుపుతుంది. కనుక సుఖం విశ్రాంతికి పేరు కాదు, ఒడుదొడుకులు లేని గమనానికి పేరు. సౌఖ్యవలయాన్ని కదలని స్థితిగా భావించేవారు ఈ మూలార్థానికి దూరమైనట్లే.

పాశ్చాత్య చింతనలో అరిస్టాటిల్ ‘నికోమాకియన్ నీతిశాస్త్రం’లో ఆనందాన్ని మానసిక స్థితిగా కాక సద్గుణానుసారమైన వ్యాపారంగా నిర్వచించాడు. సుఖం ఆ వ్యాపారానికి పరిపూర్తిగా వచ్చి చేరుతుందే గాని విడిగా వెతికితే దొరికేది కాదన్నాడు. ఆధునిక మనోవిజ్ఞానంలో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ 1990లో ప్రచురించిన ‘ఫ్లో’ గ్రంథంలో సవాలుకూ సామర్థ్యానికీ సమతూకం కుదిరినప్పుడు మనిషి పనిలో లీనమవుతాడని ప్రతిపాదించాడు. సామర్థ్యానికి మించిన సవాలు ఆందోళనను, సామర్థ్యానికి చాలని సవాలు విసుగును కలిగిస్తాయి. వీరి మాటలు భిన్నమైనా ఒక అంశంలో కలుస్తాయి. కష్టం తనంతట తానుగా ఆనందహేతువు కాదు. కష్టం ద్వారా పెరిగే సామర్థ్యం, ఆ సామర్థ్యం వినియోగమయ్యే పని ఆనందానికి హేతువులు.

తెలుగు సాహిత్య సంప్రదాయం ఈ సత్యాన్ని శాస్త్రంగా చెప్పక పోయినా క్రీడగా ఆచరించింది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి, దత్తపది, సమస్య వంటి అంశాలు పద్యరచనను అడుగడుగునా అడ్డగించడానికే ఏర్పడ్డాయి. ఛందస్సు పెట్టే నియమం చాలదన్నట్లు అవధాని పృచ్ఛకుల నియమాలను కూడా కోరి నెత్తికెత్తుకుంటాడు. సభకు ఆహ్లాదం కలిగేది పద్యం వల్ల మాత్రమే కాదు, అడ్డంకిని దాటి పద్యం నడిచిన తీరు వల్ల. అయితే అవధానం ఒక హద్దులోని సాహసం. సభ ముగియగానే అప్రస్తుత ప్రసంగీకుడు కూడా చప్పట్లు కొడతాడు. జీవితంలోని అడ్డంకులకు అటువంటి ముగింపు ఉండదు. అందువల్ల ఈ విచారణ సభను దాటి జీవితంలోకి వెళ్లవలసి ఉంది.

పర్లాకిమిడి ఉపాధ్యాయుడు, సవర భాష

గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొని, విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆనాటి మధ్యతరగతి కుటుంబానికి అది సౌఖ్యవలయానికి నిర్వచనం వంటి స్థితి. నెలజీతం, సంఘంలో గౌరవం, పుస్తకాలు, శిష్యులు అన్నీ ఉన్నాయి. ప్రైవేటుగా చదువు కొనసాగించి పట్టభద్రులు కావడం, ముఖలింగ శాసనాలను చదవడానికి లిపిజ్ఞానం స్వయంగా సంపాదించడం వారి జిజ్ఞాసకు నిదర్శనాలు. కాని అవి పండితుడికి సహజమైన విస్తరణలే. సవర భాష నేర్వడం అటువంటిది కాదు.

సవర భాషకు తెలుగుతో చుట్టరికం లేదు. అది ముండా శాఖకు చెందిన భాష. దాని ధ్వనులు, పదనిర్మాణం, వాక్యపు నడక సంస్కృతాంధ్ర వ్యాకరణాలు నేర్పిన చెవికీ బుద్ధికీ అందవు. గిడుగువారికి ఒరవడిగా పనికివచ్చే సమగ్ర వ్యాకరణం గాని నిఘంటువు గాని లేవు. గ్రంథం లేని చోట గురువు కావాలి. తెలుగు తెలిసిన సవర యువకుణ్ణి ఇంట ఉంచుకొని ఆయన ఆ భాష నేర్చుకున్నారని జీవితచరిత్రలు చెబుతున్నాయి. ఈ చిన్న విషయంలో పెద్ద తలకిందులు ఉంది. బడిలో గురువుగా మన్నన పొందే పండితుడు ఇంట శిష్యుడయ్యాడు. గురువైనవాడు ఆనాటి సమాజం అడవిమనిషిగా చూసి దూరం ఉంచిన యువకుడు. పందొమ్మిదవ శతాబ్దపు కులవ్యవస్థలో దాటడానికి కొండదారి కన్నా కష్టమైన ఘాటీ ఇదే.

కొండపల్లెలు తిరిగిన ఫలితంగా ఆయన మలేరియా బారిన పడ్డారు. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రకారులు రాశారు. మాట్లాడే భాషను చెవితో పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నవాడికి వినికిడి తగ్గడం ఎటువంటి నష్టమో వివరించనవసరం లేదు. అయినా పని ఆగలేదు. సవరల కోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు, వారి భాషలో వాచకాలు తయారుచేశారు. వాచకాలకు ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని నిరాకరించి, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారని ప్రసిద్ధి. సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయ్యేనాటికి ఆయనకు 67 ఏళ్లు దాటాయి. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరిని 72వ ఏట విడిచి రాజమహేంద్రవరం వెళ్లారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన అంతరంగంలో ఆనందం ఎంత ఉన్నదో కొలిచే సాధనం లేదు. ఒకరి లోపలి అనుభవాన్ని మరొకరు ప్రకటించడం పరిశోధన మర్యాద కాదు. అయితే కీర్తి ఆశతో గాని, కర్తవ్య భారంతో గాని మొదలైన పని కొన్ని ఏళ్లు సాగవచ్చు. ఎవరూ అడగని, ఎవరూ మెచ్చుకోని దశలో కూడా దశాబ్దాల తరబడి సాగిన పనికి, ఆ పనిలోనే ఏదో తృప్తి ఉండి తీరాలి. గీత చెప్పిన అభ్యాసంలో రమించడమన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఆధునికాంధ్ర చరిత్రలో అరుదు.

ఎవరి సౌఖ్యం, ఎవరి కష్టం

ఇంతవరకు చెప్పినది సౌఖ్యవలయం దాటమన్న ఉపదేశాన్ని సమర్థిస్తున్నట్లే కనబడుతుంది. కాని గిడుగువారి కృషిని ఇంకొక వైపునుంచి చూస్తే ఆ ఉపదేశం అసంపూర్ణమని తేలుతుంది.

సవర బాలుడు తెలుగు బడికి వచ్చినప్పుడు అతడూ సౌఖ్యవలయాన్ని దాటుతున్నాడు. ఇంటి భాష వదిలి, అర్థంకాని ధ్వనుల నడుమ కూర్చుంటున్నాడు. కష్టమే ఆనందానికి మూలమైతే ఆ బాలుడు గిడుగువారి కన్నా ఎక్కువ ఆనందించాలి. జరిగేది అది కాదు. అతడు భయపడతాడు, మూగవాడవుతాడు, చివరకు బడి మానేస్తాడు. ఇద్దరూ ఎదుర్కొన్నది ఒకే భాషాభేదం. ఒకరికది విద్య అయింది, మరొకరికది శిక్ష అయింది. గిడుగువారు ఆ కష్టాన్ని ఎంచుకున్నారు. తిరిగి వెళ్లడానికి ఆయనకు ఇల్లుంది, జీతముంది, సొంత భాషలో గౌరవముంది. బాలుడు దాన్ని ఎంచుకోలేదు. అతని ఓటమికి లోకం పెట్టే పేరు మందబుద్ధి.

ఇక్కడే గిడుగువారి శ్రమకు నైతికమైన విలువ ఏర్పడుతుంది. సవర భాషను తెలుగు ఉపాధ్యాయుడు నేర్చుకోవడమంటే సవర పిల్లవాడి మీద పడే భారంలో కొంత తన మీదికి తెచ్చుకోవడం. రెండు భాషల నడుమ వంతెన ఎవరో ఒకరు కట్టాలి. ఆ శ్రమ బలహీనుడి మీద పడుతూ వచ్చింది, గిడుగువారు దాన్ని బలవంతుడి వైపుకు తిప్పారు. వ్యావహారిక భాషోద్యమాన్ని కూడా ఈ దృష్టితోనే చూడవచ్చు. గ్రాంథిక భాష పండితుల సౌఖ్యవలయం. దానిలోని నియమాలు వారికి చిన్ననాటినుంచి అభ్యాసమైనవి. ఆ సౌఖ్యానికి మూల్యం చెల్లిస్తున్నది మాట్లాడే తెలుగుకూ రాసే తెలుగుకూ నడుమ నలిగే విద్యార్థి. 1907 ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారి జె.ఎ. యేట్స్ తెలుగు బోధనను గూర్చి లేవనెత్తిన చర్చలో గిడుగువారు పాల్గొని, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్లతో కలిసి నిలిచారు. సవర భాషలో పొందిన అనుభవం ఆయనకు తెలుగు విషయంలోనూ కళ్లు తెరిపించి ఉంటుందనడం యుక్తియుక్తం. పరాయి భాషను చెవితో నేర్చినవాడికి, నోట ఉన్న భాషే భాష అన్న సంగతి ఇతరులకన్నా ముందు స్ఫురిస్తుంది.

కనుక సౌఖ్యవలయాన్ని గూర్చి అడగవలసిన మొదటి ప్రశ్న ‘దాన్ని దాటావా?’ అన్నది కాదు, ‘నీ సౌఖ్యానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు?’ అన్నది. ఈ ప్రశ్న లేని సాహసం ఆత్మస్తుతిగా మిగులుతుంది. ఈ ప్రశ్నతో కూడిన సాహసం ధర్మమవుతుంది.

ఒక ఆక్షేపణ, సమాధానం

దీనికి ఒక ఆక్షేపణ సంభవం. ఎంపిక చేసుకునే అవకాశం లేనివారికి సాహసం వల్ల ఆనందం లేదని చెప్పడం వారిని మరింత తక్కువ చేయడం కాదా? పేదలు సాహసించి గెలిచిన ఉదాహరణలు లేవా? ఉన్నాయి. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించి, ఆ శిఖరం చేరిన బాలికలలో అతిపిన్న వయస్కురాలిగా నిలిచింది. నిజామాబాద్ ప్రాంతపు గిరిజన రైతుకూలీ కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన బాలిక ఆమె. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెతోపాటు శిఖరం చేరాడు.

ఈ ఉదాహరణ ఆక్షేపణను బలపరచడంలేదు, పై సిద్ధాంతాన్నే స్పష్టం చేస్తున్నది. పూర్ణ నేరుగా ఎవరెస్టు పాదానికి వెళ్లలేదు. ముందు భువనగిరి గుట్టమీద తాడు పట్టడం నేర్చుకుంది. తరువాత హిమాలయాలలో తర్ఫీదు పొందింది. బడి, శిక్షకుడు, తాడు, తోడు ఆమె వెనుక ఉన్నాయి. పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది తెలిసినవారి తోడ్పాటుతో చేయగల ఒక పరిధి ఉంటుందని, విద్య జరిగేది అక్కడేనని రష్యన్ మనోవిజ్ఞాని వైగోట్‌స్కీ ప్రతిపాదించాడు. గిడుగువారికి సవర యువకుడు ఎటువంటి తోడో, పూర్ణకు గురుకులం అటువంటి తోడు. తోడు లేకుండా కొండెక్కమనడం ప్రోత్సాహం కాదు, తోసివేయడం. పేదవాడి కష్టాన్ని ‘సవాలు’ అని పిలిచి, ఇవ్వవలసిన తాడును ఇవ్వకుండా దాటవేయడానికి సౌఖ్యవలయ సిద్ధాంతాన్ని సాకుగా వాడుకునే ప్రమాదం ఉంది. చెరకు నరికే కూలీకి ఒళ్లు వంచమని బోధించనవసరం లేదు. అతనికి కావలసినది విశ్రాంతి, న్యాయమైన కూలి. అతని విషయంలో సౌఖ్యమే సాధించవలసిన శ్రేయస్సు.

మరొక ప్రశ్న వైఫల్యాన్ని గూర్చినది. శిఖరం చేరని వారి మాటేమిటి? ఆనందం ఫలితంలోనే ఉంటే వారికి మిగిలేది దుఃఖమే. కాని అభ్యాసంలో పెరిగిన సామర్థ్యం ఫలితంతోపాటు పోదు. గిడుగువారు ఆశించినట్లు సవరలందరికీ వారి భాషలో చదువు ఆయన జీవితకాలంలో అందలేదు. గ్రాంథికవాదుల ప్రతిఘటనతో వ్యావహారికోద్యమానికీ పాఠశాలల్లో తక్షణ విజయం దక్కలేదు. అయినా ఆయన పని విఫలమైందని ఎవరూ అనరు. ఏటా ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం ఆలస్యంగా వచ్చిన గుర్తింపు మాత్రమే. ఆ గుర్తింపు లేకపోయినా ఆ పని విలువ తరిగేది కాదు.

పరిశోధన కూడా ఒక సౌఖ్యవలయమే

ఈ విచారణ తెలుగు పరిశోధకులకు దూరమైనది కాదు. ఒక కవి, ఒక కావ్యం, ఏడెనిమిది అధ్యాయాల ప్రణాళిక, ముందే తెలిసిన నిర్ధారణ అన్నవి పరిశోధనారంగంలో సుపరిచితమైన సౌఖ్యవలయం. ఇందులో అసత్యం లేకపోవచ్చు, కాని ప్రమాదమూ లేదు, కనుక ఆవిష్కరణా తక్కువే. గిరిజన జీవితాన్ని చిత్రించిన తెలుగు నవలలమీద, కథలమీద రాయడం సుకరం. ఆ గిరిజనుల భాషలో ఒక కథ విని రాసుకోవడం దుష్కరం. మొదటిదానికి గ్రంథాలయం చాలు. రెండవదానికి చోడవరం దాటి ఘాటీ ఎక్కాలి. పాడేరు మన్యంలో కువి, ఆదివాసీ ఒడియా, కొండదొరల భాష వంటివి నేటికీ వినబడుతున్నాయి. వీటిలో కువి, కొండ భాషలు తెలుగుకు ద్రావిడ కుటుంబంలోని తోబుట్టువులే. తోబుట్టువు ఇంటికి వెళ్లే దారి ఇంత దగ్గరగా ఉండి, ఆ ఇంటి మాట అర్థం కాకపోవడం పాండిత్యంలో లోటు మాత్రమే కాదు. పైన చెప్పిన నైతిక ప్రశ్నకు అది కూడా లోబడుతుంది. తెలుగు పండితుడు కువి నేర్వకుండా ఉండే సౌఖ్యానికి, కువి మాట్లాడే పిల్లవాడు బడిలో మూల్యం చెల్లిస్తూనే ఉంటాడు.

ప్రతి పరిశోధకుడూ గిడుగు రామమూర్తి కావాలనడం సమంజసం కాదు. ఆయన ఆరోగ్యం కోల్పోయినట్లు కోల్పోవడం ఆదర్శమూ కాదు. సవాలు సామర్థ్యాన్ని మించితే పుట్టేది ఆందోళనేనని పైన చూశాం. కావలసినది తనకు పొసగిన పరిమాణంలో, తోడు తీసుకొని, ఒక అడుగు. ఒక విద్యార్థి ఒక గ్రామంలో ఒక ఏడాది విన్న మాటలను పట్టికగా రాసుకున్నా చాలు. పర్యవేక్షకుడు ఆ కాలవ్యయాన్ని వృథాగా లెక్కించకపోవడం ఆ విద్యార్థికి దక్కవలసిన తాడు.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల మూడు నిర్ధారణలు తేలుతున్నాయి. మొదటిది, ఆనందానికి కారణం కష్టం కాదు, ఎంచుకున్న కష్టంలో అభ్యాసంవల్ల పెరిగే సామర్థ్యం. రెండవది, ఎంపిక, తోడు లేని కష్టాన్ని ఆనందమార్గంగా కీర్తించడం అనుభవానికి విరుద్ధం, న్యాయానికి వ్యతిరేకం. మూడవది, సౌఖ్యవలయాన్ని దాటడం సార్థకమయ్యేది ఆ వలయపు నీడలో ఇబ్బందిపడుతున్న వారి భారం కొంతైనా తగ్గినప్పుడు. సౌఖ్యంలో ఉన్నవాడు తన పరిధి దాటాలి, సౌఖ్యం లేనివాడికి మొదట అది సమకూరాలి. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. పర్లాకిమిడిలో ఒక ఉపాధ్యాయుడు తన ఇంట ఒక సవర యువకుని ఎదుట శిష్యుడిగా కూర్చున్నప్పుడు ఆ రెండు పనులకూ ఒక్కసారే ఆరంభం జరిగింది.